డ్రైవరు పేరు మార్చి చెప్పమంటున్నారు, ఏం చేయాలి?

గోదావరి జిల్లాల నుంచి ఒక సోదరి పొడవైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆమె భర్తకు 37 ఏళ్ళు, టైల్స్ మేస్త్రీ. నాలుగు నెలల కిందట సాయంత్రం పని ముగించుకుని బైకు మీద ఇంటికి వస్తుంటే, హైవే పక్కన సర్వీసు రోడ్డులో పది చక్రాల టిప్పరు ఒకటి రాంగ్ రూట్లో ఎదురొచ్చి గుద్దింది. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు గానీ మోకాలు పూర్తిగా వంగడం లేదు, గొంతుక్కూర్చోలేకపోతున్నారు. కింద కూర్చోలేని మనిషి టైల్స్ ఎలా పరుస్తాడన్నది ఆమె బెంగ. ఆసుపత్రికి 2,40,000 దాకా అయింది. బంగారం తాకట్టులో ఉంది. ఇల్లు ఆమె కుట్టుమిషన్ మీద నడుస్తోంది.

ఆ టిప్పరు బయటివాళ్ళది కాదు. భర్త పెదనాన్నగారి కొడుకుది, అంటే ఆమెకు బావగారు. పైగా ఆ సమయంలో బండి నడిపింది డ్రైవరు కాదు. రాత్రీ పగలూ ట్రిప్పులు కొట్టిన డ్రైవరు వెనక పడుకుంటే, క్లీనరు కుర్రాడు స్టీరింగ్ పట్టుకున్నాడు. గుద్దాక కిందికి దూకి పరిగెత్తుకొచ్చి ఆమె భర్తను లేపింది కూడా ఆ కుర్రాడే. అతనికి ఉన్నది కారు లైసెన్సు. ఎఫ్ఐఆర్‌లో టిప్పరు నంబరుంది, నడిపినవాడి పేరు లేదు. వచ్చే వారం స్టేట్‌మెంట్‌కి రమ్మని ఎస్సైగారు భర్తకు కబురు పంపారు.

బావగారు మొదట ఆసుపత్రిలో 60,000 కట్టారు. ఈమధ్య పెద్దమనుషులను కూర్చోబెట్టి మాట్లాడించారు. 3 లక్షలు ఇస్తారట: లక్ష ఇప్పుడు, మిగిలింది పంట డబ్బు వచ్చాక. దానికి రెండు షరతులు. "ఇక ఏ క్లెయిమూ వేయం" అని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాలి. స్టేట్‌మెంట్‌లో అసలు డ్రైవరే నడిపాడని చెప్పాలి. "మీకూ మంచిదే, లేకపోతే ఇన్సూరెన్సు వాడు ఒక్క రూపాయి ఇవ్వడు" అన్నారట. భర్త సరేననే ధోరణిలో ఉన్నారు. అన్న మీద కేసేమిటి, పరువేం కావాలి అంటున్నారు. ఆ రోజు హెల్మెట్ లేదు కాబట్టి తప్పు తనదీ ఉందని కూడా ఆయన అనుమానం. అత్తగారు, రేపు పిల్ల పెళ్ళికి పెద్దదిక్కు ఆయనేగా అంటున్నారు. ఇంకోపక్క ఆసుపత్రి దగ్గర పరిచయమైన ఒక ఏజెంటు కాగితాల మీద సంతకాలు చేయండి, వచ్చినదాంట్లో 30 శాతం నాకు చాలు అని తిరుగుతున్నాడు. ఒక టీకొట్టు కుర్రాడు ఆ రోజు తీసిన వీడియో ఆమె తమ్ముడి ఫోనులో ఉంది. "నేను ఆయన్ని ఆపాలా, వదిలేయాలా? ఆపితే నేనే కుటుంబాన్ని విడగొట్టినదాన్ని అవుతానా?" ఇదీ ఆవిడ అడిగింది.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "మీకూ మంచిదే" అన్నది. బావగారి షరతులు రెండు. సంతకం షరతు డబ్బు గురించి. అది మీరూ ఆయనా తేల్చుకోదగ్గ విషయం, బేరమాడొచ్చు, ఒప్పుకోవచ్చు, మానొచ్చు. స్టేట్‌మెంట్ షరతు అలాంటిది కాదు. అది మీ ఆయన్ని ఒక అబద్ధానికి సాక్షిగా నిలబెట్టడం. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి ఇచ్చారు కాబట్టి మీకు ఊపిరాడటం లేదు. మూట విప్పుదాం. ముందు స్టేట్‌మెంట్ సంగతి, ఎందుకంటే దానికి తేదీ దగ్గరపడింది.

బావగారు ఎందుకు భయపడుతున్నారో తెలిస్తే చాలా సంగతులు తేటపడతాయి. లారీకి ఇన్సూరెన్సు ఉండి, నడిపినవాడికి సరైన లైసెన్సు ఉంటే, మీరు క్లెయిమ్ వేసినా ఆయన జేబులోంచి పైసా పోదు. రోడ్డు మీద బయటి మనిషికి దెబ్బ తగిలితే ఆ నష్టం భరించడానికే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును చట్టం తప్పనిసరి చేసింది. "అన్న మీద కేసు" అని మీ ఆయన అంటున్నారు గానీ, అలాంటప్పుడు నిజానికి ఎదురుగా నిలబడేది ఇన్సూరెన్సు కంపెనీ వకీలు. అన్న పేరు కాగితం మీద ఉంటుందంతే.

కానీ ఇక్కడ నడిపినవాడికి ఉన్నది కారు లైసెన్సు. సుప్రీంకోర్టు కారు లైసెన్సు చాలంది కదా అని ఎవరైనా మీతో అనొచ్చు. 2024 నవంబరు 6న రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకే వర్తిస్తుంది. చిన్న ట్రాలీ ఆటోలు, మినీ వ్యాన్లు అందులోకి వస్తాయి. పది చక్రాల టిప్పరు రాదు. కాబట్టి పాలసీ షరతు తప్పినట్టే. ఈ విషయంలో బావగారి భయం ఉత్తుత్తి భయం కాదు.

ఆయన పొరబడిందల్లా ఆ తరువాతి మాటలో. లైసెన్సు లేనివాడు నడిపితే దెబ్బ తిన్నవాళ్ళకు రూపాయి రాదన్నది నిజం కాదు. నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దారిని, రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునళ్ళు ఇలాంటి కేసుల్లో ఎక్కువగా అనుసరిస్తూ వచ్చాయి: ముందు బాధితుడికి కంపెనీ చెల్లించాలి, ఆ తరువాత షరతు తప్పిన యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. మీ కేసులోనూ అలాగే ఆదేశిస్తారా అన్నది ట్రిబ్యునల్ చేతిలో ఉంటుంది, కంపెనీ గట్టిగానే వాదిస్తుంది. అయినా దారి ఉంది. అంటే డబ్బు రావడానికి ఈ అబద్ధం మీకు అవసరం లేదు. అవసరం ఆయనకే. కంపెనీ తన దగ్గర వసూలు చేయకుండా ఉండాలంటే డ్రైవరు పేరు మారాలి, మార్చి చెప్పేది మీ ఆయన అయితే ఎవరూ అనుమానించరు. "మీకూ మంచిదే" అన్న మాటకు అసలు అర్థం అది.

ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి. పోలీసుల ముందు చెప్పిందే రేపు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి. పెద్ద మొత్తాల క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్సు కంపెనీలు సొంతంగా ఇన్వెస్టిగేటర్‌ను పంపుతాయి. అతను ప్రమాదం జరిగిన చోటికి వెళ్తాడు, టీకొట్టు దగ్గర కూర్చుంటాడు, ఆసుపత్రిలో మొదటి రోజు ఏం రాశారో చూస్తాడు. మీ తమ్ముడి దగ్గరున్న వీడియో ఒక్క మీ తమ్ముడి దగ్గరే ఉందని ఎలా అనుకుంటాం? తీసిన కుర్రాడి దగ్గర ఉంటుంది, అతను ఎవరెవరికి పంపాడో మనకు తెలియదు. అందులో క్లీనరు డ్రైవరు సీట్లోంచి దిగుతున్నట్టు కనబడితే, అప్పటిదాకా బాధితుడైన మీ ఆయన ఆ క్షణం నుంచి అబద్ధపు సాక్షి అవుతారు. నిజమైన కాలు విరుపు, నిజమైన బిల్లులు, అన్నీ కూడా అనుమానంలో పడతాయి. క్లెయిమ్ పోవడంతో ఆగకపోవచ్చు, తప్పుడు సాక్ష్యం కింద కేసూ రావచ్చు. అప్పుడు బావగారు మీ పక్కన నిలబడగలరా? ఆయన తన కేసులో తానుంటారు.

అలాగని మీ ఆయన స్టేషనుకు వెళ్ళి అన్న మీద చాడీలు చెప్పినట్టు చెప్పనక్కర్లేదు. తాను చూసింది చెబితే చాలు: ఏ వైపు నుంచి వచ్చింది, తాను ఏ వైపున ఉన్నాడు, గుద్దాక ఎవరు దిగారు. తెలియనిది తెలియదనాలి. ప్రమాద సమయంలో బండి ఎవరు నడిపారు, లైసెన్సు ఏమిటి అన్నది పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను ప్రకారం యజమానిదే. ఆ బరువును ఆయన మీ ఆయన భుజం మీదికి మారుస్తున్నారు. "అన్నయ్యా, నేను చూసింది చెబుతాను, మిగతాది నువ్వు చెప్పుకో" అనడం కేసు పెట్టడం కాదు, తగువూ కాదు.

ఇక మీకు నచ్చని నిజం ఒకటి చెప్పాలి. నిజం చెప్పి క్లెయిమ్ వేస్తే, కంపెనీ మీకు చెల్లించి, తరువాత బావగారి మీద పడే అవకాశం ఉంది. ఆ మొత్తం చిన్నది కాకపోవచ్చు. టిప్పరు మీదికీ, ఉంటే పొలం మీదికీ రావచ్చు. లైసెన్సు లేనివాడికి బండి అప్పగించిన యజమానికి 180వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 జరిమానా గానీ, రెండూ గానీ ఉండొచ్చు. కాబట్టి "క్లెయిమ్ వేసినా బావగారికి ఏమీ కాదు" అని నేను మీకు ధైర్యం చెప్పలేను. బంధుత్వం మీద దెబ్బ పడుతుంది. ఎంత గట్టి దెబ్బో ఆయన స్వభావాన్ని బట్టి మీకే తెలియాలి. నా అభిప్రాయం అడిగితే మాత్రం, ఆ దెబ్బ కొట్టేది మీరు కాదు. అలిసిపోయిన డ్రైవరు వెనక పడుకుంటే క్లీనరు చేతికి స్టీరింగ్ వెళ్ళే పద్ధతిలో బండి నడిపించిన రోజే అది మొదలైంది.

ఆ కుర్రాడి గురించి కూడా ఒక మాట. ఉత్తరంలో మీరు అతని మీద కోపం చూపలేదు, పైగా మీ ఆయన్ని లేపింది అతనేనని రాశారు. లారీ ప్రమాదం జరిగితే జనం చేతికి మొదట దొరికేది స్టీరింగ్ పట్టుకున్నవాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటల పని అంది, ఏకధాటిగా 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. క్వారీ నుంచి సైటుకి ట్రిప్పుకింత అని లెక్క కట్టేచోట ఆ మాటను ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు? ట్రిప్పులు పెరగాలంటే నిద్ర తగ్గాలి. యూటర్న్ దాకా వెళ్ళకుండా సర్వీసు రోడ్డులో ఎదురు దూరితే ఇంకొంత కలిసొస్తుంది. క్లీనరు నడిపితే డ్రైవరుకి ఒక కునుకు దొరుకుతుంది. నెమ్మదిగా వెళ్ళినా లోడు బండి ఆగడానికి కారుకన్నా చాలా ఎక్కువ దూరం కావాలి. ఎత్తు క్యాబిన్ నుంచి ముందు బంపరు కిందా, ఎడమ పక్కా ఉన్న బైకు కనబడకపోవచ్చు. ఇవన్నీ తెలిసీ రాంగ్ రూట్లో రానిచ్చేది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పేరు మారిస్తే, ఆ గంటలో పడుకుని ఉన్న డ్రైవరు చేయని నేరానికి కోర్టు చుట్టూ తిరగాలి. అతనికీ ఒక ఇల్లుంటుంది.

డబ్బు సంగతికి వద్దాం. 3 లక్షలు ఎక్కువా తక్కువా అన్నది ఊహతో తేలదు. ఆసుపత్రి ఖర్చే 2,40,000 అయిందన్నారు. అంటే ఆయన ఇస్తానన్నది దాదాపు ఇప్పటికే ఖర్చయిపోయిన డబ్బు. రేపటి సంపాదనకు అందులో ఏమీ లేదు. కోర్టులు ఈ లెక్క ఎలా వేస్తాయో తెలుసుకోండి, తరువాత తక్కువకు ఒప్పుకున్నా తెలిసి ఒప్పుకున్నట్టవుతుంది.

ఒక ఉదాహరణ వేద్దాం. మీ ఆయన నెల సంపాదన 15,000గా ట్రిబ్యునల్ తీసుకుందనుకుందాం. వయసు 40 లోపు, జీతం ఉద్యోగం కాదు కాబట్టి, ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. ఇది 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క. అలా 21,000, ఏడాదికి 2,52,000. 36 నుంచి 40 ఏళ్ళవాళ్ళకు గుణకం, అంటే ఏడాది సంపాదనను గుణించాల్సిన అంకె, 15 అని 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక చెబుతుంది. గుణిస్తే 37,80,000. సంపాదించే శక్తి పూర్తిగా పోతే వచ్చే అంకె అది. 40 శాతం పోయిందని తేలితే 15,12,000. 20 శాతమే పోయిందంటే 7,56,000. ఆసుపత్రి ఖర్చు, పని మానేసిన నెలల కూలి, ఇకమీదట రాడ్ తీయడానికయ్యే ఖర్చు, పడిన బాధకు ఇచ్చేది, ఇవి వేరే. ఈ అంకెలు మీకు వస్తాయని కాదు. ట్రిబ్యునల్ నెల సంపాదనను ఇంకా తక్కువగా తీసుకోవచ్చు. కానీ 3 లక్షలన్న మాట ఏ లెక్కలోంచీ పుట్టలేదని మాత్రం తెలుస్తుంది.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ శాతం. డాక్టరు "కాలికి 25 శాతం వైకల్యం" అని రాస్తే సంపాదన కూడా 25 శాతమే పోయినట్టు కాదు. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది: శరీరానికి ఎంత శాతం అన్నది ఒకటి, ఆ మనిషి చేసే పనిలో ఎంత శక్తి పోయింది అన్నది ఇంకొకటి. బల్ల దగ్గర కూర్చుని పనిచేసే గుమస్తాకు మోకాలు వంగకపోవడం ఇబ్బంది. టైల్స్ మేస్త్రీకి అది పనికే ఎసరు. ఇది కోర్టుకు దానంతటదే తెలియదు, చెప్పాలి. ఆపరేషన్ చేసిన డాక్టరు గానీ, మెడికల్ బోర్డు డాక్టరు గానీ వచ్చి "ఇతను గొంతుక్కూర్చోలేడు, బరువు ఎత్తి మోకాలి మీద వంగలేడు" అని సాక్ష్యం చెప్పాలి. సదరం సర్టిఫికెట్ తీసుకోండి, మంచిదే, కానీ దానిమీది అంకెతో ఆగిపోకండి.

సంపాదనకు రుజువు ఎలా అని మీరు అడగలేదు గానీ, అడగబోతారు. జీతం చీటీ లేకపోయినా పని ఇచ్చిన కాంట్రాక్టరు వచ్చి చెప్పొచ్చు. ఫోన్‌పేలోనో, బ్యాంకులోనో కూలి పడిన ఎంట్రీలు ఏడాదివి తీసి పెట్టండి. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే దాన్ని బయటికి తీయండి. ఆయన చేతిలో పని ఉండేదని నిరూపించడానికి అది చాలా పనికొస్తుంది.

హెల్మెట్ గురించి ఆయన పెట్టుకున్న దిగులు తీసేయండి. పెట్టుకోకపోవడం తప్పే, జరిమానా వేయదగ్గ తప్పే. కానీ పరిహారంలో కోత పెట్టాలంటే ఆ తప్పు వల్లే ప్రమాదం జరగాలి, లేదా ఆ తప్పు వల్లే దెబ్బ పెరగాలి. రాంగ్ రూట్లో టిప్పరు రావడానికీ, మోకాలి కింద ఎముక విరగడానికీ తలమీది హెల్మెట్‌తో పనేముంది? కంపెనీ వకీలు అడుగుతాడు. అడిగితే లేదని నిజమే చెప్పాలి. బైకు లైసెన్సు సంగతి మీరు రాయలేదు. అది లేకపోయినా, అదొక్కటే కారణంగా ప్రమాదంలో వాటా తప్పు ఆయన మీద వేయడం కుదరదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నేను ఒకటి ఎంచి ఇవ్వను, ఒక్కోదాని వెనక ఏముందో చెబుతాను.

నిజం చెప్పి ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయడం ఒకటి. మన కోర్టుల్లో దీన్ని ఓపీ వేయడం అంటారు. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా, మీరు ఉంటున్న చోటి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ వచ్చే దారి ఇదే, ఎక్కువ కాలం పట్టేదీ ఇదే. కొన్నేళ్ళు పట్టొచ్చు. వేసిన రోజు నుంచి వడ్డీ కలిసే వీలుంది. వైద్యం ఇంకా నడుస్తోందనో, వైకల్యం సర్టిఫికెట్ చేతికి రాలేదనో ఆగక్కర్లేదు, వాటిని సాక్ష్యం దశలో పెట్టుకోవచ్చు. ఆగకూడనిది ఒకందుకు: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలని చట్టం అంటోంది. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది. అది ఎటు తేలినా మీకు సంబంధం లేకుండా చేసుకోండి. నాలుగు నెలలు అయిపోయాయి, ఇంకో రెండే ఉన్నాయి. "పంట డబ్బు వచ్చాక" అన్న మాట ఈ గడువు దాటించేస్తుందేమో కూడా చూసుకోండి. బావగారికి ఆ ఉద్దేశం లేకపోయినా ఫలితం అదే.

పోలీసులు కూడా ప్రమాద వివరాల నివేదికను మూడు నెలల్లోగా ట్రిబ్యునల్‌కి పంపాలి. పంపితే ట్రిబ్యునల్ దాన్నే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చు. పంపారో లేదో స్టేషన్లో అడగండి, కాపీ తీసుకోండి. పంపలేదంటే దానికోసం కూర్చోకండి.

ఇంకొకటి, తప్పెవరిదని తేల్చకుండానే వచ్చే పరిహారం. అదే చట్టం 164వ సెక్షను కింద తీవ్ర గాయానికి 2,50,000. త్వరగా తేలుతుంది, మనశ్శాంతి. కానీ ఒక మెలిక ఉంది: ఆ పద్ధతిలో కంపెనీ ఇచ్చే డబ్బుకు ఒప్పుకుని తీసుకుంటే, పూర్తి పరిహారం కోసం వేసిన పిటిషన్ రద్దవుతుంది. చిన్న గాయమై, మనిషి మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయే కేసుల్లో ఇది బాగానే ఉంటుంది. మీ కేసులో నేనైతే తొందరపడను.

మూడోది, బావగారితోనే తేల్చుకోవడం. దీన్ని నేను తీసిపారేయను. కోర్టులో గెలిచిన 10 లక్షలకన్నా ఇంట్లో సఖ్యతగా వచ్చిన 8 లక్షలు మీకు మేలనిపిస్తే అది మీ ఇష్టం, అందులో తప్పు లేదు. కానీ అలా అయితే మాట మారాలి. మోకాలు ఇంక ఎంతవరకు వంగుతుందో డాక్టరు చెప్పిన తరువాతే అంకె తేలాలి. డబ్బు వాయిదాల్లో కాకుండా బ్యాంకు ద్వారా ఒకేసారి రావాలి. స్టేట్‌మెంట్‌తో దానికి ముడి ఉండకూడదు. పెద్దమనుషుల ఎదుట స్టాంపు పేపరు మీద "ఇక ఏ క్లెయిమూ వేయం" అని సంతకం పెట్టి లక్ష తీసుకుంటే, మిగతా రెండు లక్షలు రాకపోతే మీ చేతిలో ఏముంటుంది? తరువాత క్లెయిమ్ వేసినా ఇన్సూరెన్సు వకీలు మొదట చూపించేది ఆ కాగితాన్నే. దానికన్నా, ముందు ఓపీ వేసి, ఆ తరువాత లోక్ అదాలత్‌లో అందరూ కూర్చుని రాజీ పడటం భద్రం. అక్కడి రాజీ కోర్టు డిక్రీతో సమానం, ఇవ్వకపోతే అమలు చేయించుకోవచ్చు. దాని మీద అప్పీలు మాత్రం ఉండదు, అంకె ఒప్పుకునేముందు రెండుసార్లు ఆలోచించాలి. లైసెన్సు గొడవ ఉన్న కేసుల్లో కంపెనీలు లోక్ అదాలత్‌లో అంత తేలిగ్గా రాజీకి రావు, అది కూడా తెలిసి ఉండండి.

ఆసుపత్రిలో బావగారు కట్టిన 60,000 గురించి మీకు లోపల మొహమాటంగా ఉంది. ఆయన సాయం తిని ఆయన మీదే కేసా అని. ఆ డబ్బు తీసుకున్నంత మాత్రాన మీ హక్కు పోదు. కోర్టులో అడిగితే ఆయన కట్టారనే చెప్పండి, ఆ బిల్లులను మీరు కట్టినట్టు చూపకండి. అది చాలు.

ఏ దారి పట్టినా ముందు చేయాల్సింది ఒకటుంది. టిప్పరు నంబరు ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి, ప్రమాదం నాటికి ఇన్సూరెన్సూ ఫిట్‌నెస్సూ నడుస్తున్నాయో లేదో చూడండి. "ఇన్సూరెన్సు ఉంది" అని ఇప్పటిదాకా మీకు బావగారి మాట తప్ప ఆధారం లేదు. అసలు పాలసీయే లేకపోతే పైన నేను చెప్పిన చాలా భాగం మారిపోతుంది, మొత్తం భారం యజమాని మీదే పడుతుంది, అప్పుడు ఆయన ఇవ్వగలిగింది ఎంత అన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఇంట్లో వాళ్ళతో ఎలా మాట్లాడాలన్నది మీకు నాకన్నా బాగా తెలుసు. ఒకటే చెబుతాను. మీ ఆయనతో "కేసు వేద్దాం" అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆయనకు ఆ మాట వినబడగానే అన్న ముఖం గుర్తొస్తుంది, తలుపు మూసుకుంటుంది. స్టేట్‌మెంట్ దగ్గర మొదలుపెట్టండి. తమ్ముడి ఫోనులోని వీడియో ఇద్దరూ కలిసి చూడండి. కోర్టులో ఆ వీడియో ఎదురుగా పెట్టి "నడిపింది ఎవరు?" అని అడిగితే ఏం చెబుతావని నెమ్మదిగా అడగండి. దానికి ఆయన దగ్గర జవాబు దొరికాక, డబ్బు సంగతి ఇంకో రోజు. అత్తగారు పిల్ల పెళ్ళి మాట ఎత్తడం అర్థమవుతుంది, ఆమె కాలంలో పెద్దదిక్కు అంటే అంత బలం. కానీ ఆ పెళ్ళి నాటికి మీ ఆయన పనిలో ఉంటారా అన్నది కూడా పెళ్ళి మాటే. కుటుంబాన్ని మీరు విడగొడుతున్నారా అన్న ప్రశ్నకు నా జవాబు: లేదు. మీరు భర్తను అబద్ధపు సాక్ష్యం నుంచి పక్కకు లాగుతున్నారు. క్లెయిమ్ వేయాలా వద్దా అన్నది ఆ తరువాత ఇద్దరూ కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం, అందులో ఆయన కాదంటే బలవంతం చేయకండి. కాలు ఆయనది, అన్న ఆయనకు అన్న. గడువు తేదీ మాత్రం ఆయనకు తెలిసి ఉండాలి.

ఇక ఆ ఏజెంటు. గెలిచినదాంట్లో వాటా తీసుకునేలా వకీలు ఒప్పందం చేసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం, ఇతను వకీలు కూడా కాదు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఆదాయ పరిమితి లోపు ఉన్నవాళ్ళకూ, వైకల్యం ఉన్నవాళ్ళకూ ఉచితంగా వకీలును ఇస్తారు. మీ ఆయనకు ఈ రెంటిలో ఏదో ఒకటి వర్తించే అవకాశం ఎక్కువ. వెళ్ళే ముందు 15100కి ఫోన్ చేసి ఏ కాగితాలు తీసుకురావాలో అడగండి. ఏజెంటు మీ దగ్గర ఇప్పటికే ఒరిజినల్ బిల్లులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం తీసుకుని ఉంటే, స్టేట్‌మెంట్ రోజు కన్నా ముందే వాటిని వెనక్కి తెచ్చుకోండి. మీ తమ్ముడిని వెంట తీసుకెళ్ళండి. ఖాళీ కాగితం మీద గానీ, వకాలత్ (వకీలుకు మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం) మీద గానీ సంతకాలు చేయించుకుని ఉంటే ఆ మాట న్యాయ సేవా ఆఫీసులో మొదటే చెప్పండి.